ఒక్క నిమిషం లెక్క

ఉక్కునగరం జంషెడ్‌పూర్ పొలిమేరల్లో పసిపిల్లల ఊపిరి తీసే న్యుమోనియాకు మందుంది, టీకా ఉంది. కరవైందల్లా వేళకు ఆ ఊపిరిని లెక్కపెట్టే మనిషే

'పస్లీ చల్ రహీ హై.' జంషెడ్‌పూర్ చుట్టుపక్కల బస్తీల్లోనూ పల్లెల్లోనూ చంటిబిడ్డకు జబ్బు ముదిరిందని తల్లులు చెప్పుకునే మాట ఇది. పక్కటెముకలు ఆడుతున్నాయని అర్థం. తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి కద్మాలోనో బిష్టుపూర్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని అమ్మమ్మ అదే సంగతిని 'డొక్కలెగరేస్తున్నాడు' అంటుంది. పిల్లల డాక్టరు కేసు షీటులో ఛాతీ లోపలికి గుంజుకుపోతోందని రాసుకుంటాడు. మూడింటికీ అర్థం ఒకటే. ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి. గాలి లాక్కోవడానికి బిడ్డ ఒంట్లో ఉన్న బలమంతా వెచ్చిస్తున్నాడు.

ఏ భాషలో చెప్పినా అప్పటికే కొంత ఆలస్యమైనట్టే. డొక్కలెగరడానికి ముందే శ్వాస వేగం పెరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఎక్స్‌రే అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పక్కన పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. దగ్గుతున్న బిడ్డ శ్వాస ఈ అంకెను చేరినా, దాటినా న్యుమోనియాగానే భావించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన సూత్రం. రెండు నెలలు నిండని పసికందైతే మరో ఆలోచన లేకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. వైద్యశాస్త్రంలో ఇంత చౌకైన పరీక్ష మరొకటి ఉండదేమో. అయినా యునిసెఫ్ లెక్కల ప్రకారం 2018లో ప్రపంచవ్యాప్తంగా అయిదేళ్ల లోపు పిల్లలు 8 లక్షల మందికి పైగా న్యుమోనియాతో చనిపోయారు. అందులో 1,27,000 మంది భారతదేశపు పిల్లలే. ఆ ఏడాది మనకన్నా ఎక్కువమందిని పోగొట్టుకున్న దేశం నైజీరియా ఒక్కటే.

నదికి ఇవతలా అవతలా

ఈ జబ్బు కథ చెప్పడానికి జంషెడ్‌పూర్‌ను మించిన ఊరు దొరకదు. దేశంలో తొలి పెద్ద ఉక్కు కర్మాగారం వెలిసిన చోటు ఇది. ఎన్నికైన మున్సిపాలిటీ లేకుండానే, కంపెనీ వేసిన రోడ్లు, కంపెనీ ఇచ్చిన నీళ్లతో శతాబ్దం గడిపిన నగరం. 1908లో మొదలైన టాటా మెయిన్ హాస్పిటల్ తూర్పు భారతంలో పేరున్న ఆస్పత్రుల్లో ఒకటి. అదే ఊళ్లో 1961లో మహాత్మా గాంధీ మెమోరియల్ ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. ఎంజీఎం అని పిలిచే దాని ఆస్పత్రే కొల్హాన్ ప్రాంతంలోని మూడు జిల్లాల పేదలకు చివరి దిక్కు. ఖర్కాయి వంతెన దాటితే ఆదిత్యపూర్ ఫ్యాక్టరీలు, అవి దాటితే సరాయికేలా పల్లెలు, ఇంకా వెళ్తే పశ్చిమ సింగ్‌భూమ్ అడవులు. హో, సంతాల్, భూమిజ్ ఆదివాసులుండే ఈ పల్లెల్లో బిడ్డకు జబ్బుచేస్తే తల్లి మొదట చేరేది ఏ ఆస్పత్రికీ కాదు.

2017 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ఆస్పత్రిలో పిల్లల మరణాలపై దేశం అట్టుడుకుతున్న సమయంలోనే ఎంజీఎం పేరు కూడా పత్రికలకెక్కింది. 30 రోజుల్లో అక్కడ 52 మంది శిశువులు చనిపోయారు. పోషకాహార లోపమే కారణమని ఆస్పత్రి సూపరింటెండెంట్ ప్రకటించారు. అప్పటి ముఖ్యమంత్రి రఘువర్ దాస్‌ది ఇదే ఊరు. జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గం నుంచే ఆయన శాసనసభకు ఎన్నికవుతూ వచ్చారు. కాబట్టి రాజకీయ దుమారానికి లోటు లేకపోయింది. వార్డులో ఇంక్యుబేటర్లు ఎన్ని, డాక్టర్లు ఎందరు అన్న చర్చ కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది.

నిజానికి 'పోషకాహార లోపం' అన్న జవాబు వినడానికి పూర్తి కారణంలా ఉంటుంది గానీ సగమే. తిండి చాలని బిడ్డను చివరికి పొట్టనబెట్టుకునేది సాధారణంగా న్యుమోనియా, విరేచనాలు, రక్తంలో ఇన్‌ఫెక్షన్ లాంటివే. ఆకలి తలుపు తీస్తుంది, బ్యాక్టీరియా లోపలికొస్తుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం జార్ఖండ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో 39.6 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివారే. ఇక్కడ డాక్టర్లను కూడా తికమకపెట్టే చిక్కొకటుంది. బాగా చిక్కిపోయిన బిడ్డకు న్యుమోనియా వచ్చినా ఒక్కోసారి జ్వరం రాదు. డొక్కలెగరేయడానికి కావలసిన కండ కూడా ఆ ఒంట్లో ఉండదు. దగ్గలేక, ఏడవలేక, పాలు తాగడం మానేసి మూలుగుతూ పడుకుంటాడు. బిడ్డ 'నెమ్మదిగా నిద్రపోతున్నాడ'ని ఇంట్లోవాళ్లు అనుకునే ఆ పూటే అసలు గండం.

ముక్కులోనే కాపురం

దోషి ఎక్కడి నుంచో రాదు. న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా తిరిగే పిల్లల్లో చాలామంది ముక్కులో, గొంతులో కాపురముంటుంది. జలుబో, ఫ్లూనో వచ్చి గొంతు లోపలి పొర దెబ్బతిన్నప్పుడు కిందికి జారుతుంది. గాలి నిండాల్సిన బుడగలు చీముతో, నీటితో నిండుతాయి. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. హిబ్ అని పొట్టిపేరున్న మరో బ్యాక్టీరియాదీ ఇదే తంతు. నెల లోపు పసికందుల్లోనైతే ప్రసవ సమయంలోనో, ఆ తర్వాత చేతుల ద్వారానో సోకే సూక్ష్మజీవులు ఊపిరితిత్తులను, రక్తాన్ని ఒకేసారి పట్టుకుంటాయి. వీటికి తోడు కోరింత దగ్గు, కంఠసర్పి ఉన్నాయి. తాతల నాటి జబ్బులని మనం కొట్టిపారేసిన కంఠసర్పి రోగులను హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ 2000 దశకంలో కూడా పెద్ద సంఖ్యలో చూసింది. చిన్నప్పుడు వేసిన టీకా బలం తగ్గాక బూస్టర్ వేయించాలన్న సంగతి చాలా ఇళ్లలో గుర్తుండకపోవడమే అందుకు ఒక కారణం.

పిల్లల న్యుమోనియా అంతా బ్యాక్టీరియా పనే అనుకోవడమూ పొరపాటే. ఆసియా, ఆఫ్రికాల్లోని ఏడు దేశాల్లో జరిగిన పెర్చ్ అనే పెద్ద అధ్యయనం 2019లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఆస్పత్రిలో చేరిన తీవ్ర కేసుల్లో సగానికి మించి వైరస్‌ల వల్ల వచ్చినవే. పల్లెలో ఏది వైరస్, ఏది బ్యాక్టీరియా అని తేల్చే సాధనం లేదు. అందుకే శ్వాస వేగంగా ఉంటే అమాక్సిసిలిన్ ఇచ్చెయ్యమంటారు. లెక్కపెట్టి, వేగం లేకపోతే ఇవ్వొద్దంటారు. ఈ రెండో సగం నగరంలో ఎవరికీ రుచించదు. ముక్కు కారితే చాలు యాంటీబయాటిక్ సిరప్, మూడో రోజుకు మరో కంపెనీ సిరప్, తగ్గగానే సగం సీసా ఫ్రిజ్‌లోకి. పల్లెలో ఆ పని 'ఝోలా ఛాప్' డాక్టరు చేస్తాడు. మన దగ్గర ఆర్ఎంపీ అంటామే, ఆయనే. దగ్గుమందుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి న్యుమోనియాను తగ్గించవు సరికదా, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విషపూరితమైన దగ్గుమందు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు.

వాతల సంప్రదాయం మరోవైపు. కొల్హాన్ పల్లెల్లో మకర సంక్రాంతి మర్నాడు పసివాళ్ల బొడ్డు చుట్టూ కాల్చిన చువ్వతో చురకలు పెట్టే 'చిడీ దాగ్' ఆచారం ఉంది. కడుపు జబ్బులు రావని నమ్మకం. అది ఊపిరితిత్తుల కోసం కాదు. కానీ మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో 2023లో న్యుమోనియా వచ్చిన పసిబిడ్డకు 51 వాతలు పెట్టారు. బిడ్డ దక్కలేదు. చదువుకున్నవాళ్లకు ఇది వింటే ఒళ్లు మండుతుంది. ఆ మంటలో మరిచిపోయేదేమిటంటే, వాత పెట్టే ముసలమ్మ అర్ధరాత్రయినా పిలిస్తే వస్తుంది. ఆరోగ్య కేంద్రం రాదు.

పది శ్వాసలకో పూస

అలా పిలిస్తే వచ్చే మనిషికే లెక్క నేర్పితే? ఈ ప్రశ్న వేసినవాళ్లు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో పనిచేస్తున్న డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్. ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు శ్వాస లెక్కపెట్టడం, కో-ట్రైమాక్సజోల్ ఇవ్వడం నేర్పించారు. 1990లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చినప్పుడు వైద్యలోకం నమ్మలేకపోయింది. ఆ పల్లెల్లో న్యుమోనియా మరణాలు పోలిక కోసం ఎంచుకున్న పల్లెలకన్నా 54 శాతం తక్కువ. యాభై దాకా అంకెలు రాని మంత్రసానుల కోసం వాళ్లు పూసల పలక ఒకటి తయారుచేశారు. పది శ్వాసలకో పూస జరపాలి. పక్కనున్న ఇసుక గడియారంలో నిమిషం ముగిసేలోగా ఎర్రపూస జరపాల్సి వచ్చిందంటే న్యుమోనియా. అంతే.

ఆ విద్య జంషెడ్‌పూర్ వాకిట్లోకి రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 2009లో టాటా స్టీల్, అమెరికన్ ఇండియా ఫౌండేషన్, బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ, జార్ఖండ్ ప్రభుత్వం కలిసి సరాయికేలా బ్లాకులోని 167 గ్రామాల్లో 'మాన్సీ' అనే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఆశా కార్యకర్తలను జార్ఖండ్‌లో 'సహియా' అంటారు. స్నేహితురాలని అర్థం. పుట్టిన బిడ్డ ఇంటికి వెళ్లి బరువు తూచడం, ఒంటి వేడి చూడడం, శ్వాస లెక్కపెట్టడం, పాలు తాగడం మానేసిందా అని కనిపెట్టడం ఆమె పని. తొలి సంవత్సరాల్లోనే నవజాత శిశు మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని ప్రాజెక్టు నిర్వాహకులు ప్రకటించారు. తర్వాత కొల్హాన్‌లోని మరికొన్ని బ్లాకులకు దాన్ని విస్తరించారు.

అంతకుముందే చక్రధర్‌పూర్ కేంద్రంగా పనిచేసే 'ఏక్‌జుట్' అనే సంస్థ మరో దారి తొక్కింది. మందులు ఇవ్వలేదు, డాక్టర్లను పంపలేదు. 2005 నుంచి మూడేళ్ల పాటు జార్ఖండ్, ఒరిస్సాల్లోని మూడు జిల్లాల్లో ఆడవాళ్లను నెలకోసారి కూర్చోబెట్టి కథలు, బొమ్మల కార్డుల ఆటలతో తమ ఊళ్లో పిల్లలెందుకు పోతున్నారో వాళ్లచేతే మాట్లాడించింది. చివరి రెండేళ్లలో నవజాత శిశు మరణాలు 45 శాతం తగ్గాయని 2010లో లాన్సెట్ ప్రచురించింది. శుభ్రమైన చేతులతో కాన్పు చేయడం, బిడ్డను వెచ్చగా ఉంచడం, వెంటనే పాలివ్వడం లాంటి సామాన్యమైన మార్పులే అక్కడ కనిపించాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ఇతర దేశాలకు సిఫార్సు చేసింది. ఉక్కు కొలిమికి గంటన్నర ప్రయాణం దూరంలో పుట్టిన ఆలోచన అది. నగరంలో దాని సంగతి తెలిసినవారు తక్కువ.

ఢిల్లీకి ఈ సంగతులన్నీ తెలుసు. 2019 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ 'సాన్స్' పేరుతో న్యుమోనియాపై ప్రచారోద్యమం ప్రారంభించింది. 2025 నాటికి ఈ మరణాలను ప్రతి వెయ్యి జననాలకు మూడు కన్నా తగ్గించాలని లక్ష్యం. అయితే అందులో ఆశా చేతికి ఇచ్చిన అధికారం ఎంత? పెద్దాస్పత్రికి పంపేముందు ఒక్క డోసు అమాక్సిసిలిన్. మొదటి డోసు ప్రాణం నిలబెడుతుంది, కాదనలేం. కానీ ప్రమాద లక్షణాలు లేని న్యుమోనియాను, డొక్కలెగరేస్తున్నా సరే, ఇంటి దగ్గరే నోటి మందుతో నయం చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే మార్గదర్శకాలు మార్చింది. యునిసెఫ్ లెక్కలో ఆ మొత్తం కోర్సు ఖరీదు అర డాలరు లోపే. గడ్చిరోలిలో 1980 దశకంలోనే ఊరి కార్యకర్త పూర్తిగా చేయగలిగిన చికిత్సను, మూడు దశాబ్దాల తర్వాత ప్రభుత్వం ఒక్క డోసుకు కుదించి మిగతాది బస్సు ప్రయాణానికి వదిలేసింది. మరోవైపు నవజాత శిశువు ఇంటికి ఆరేడుసార్లు తిరిగే కార్యకర్తకు కేంద్ర పథకంలో నిర్ణయించిన ప్రోత్సాహకం బిడ్డకు 250 రూపాయలు. ఈ డబ్బుతో ఆమె నుంచి నిమిషం లెక్కే కాదు, ఏ లెక్కయినా అడిగే ముందు కాస్త సిగ్గుపడాలి.

ఉక్కుకు ఆక్సిజన్, ఊపిరికి?

న్యుమోనియా ముదిరిన బిడ్డకు యాంటీబయాటిక్‌తో సమానంగా కావలసింది ఆక్సిజన్. జంషెడ్‌పూర్‌లో ఇది విడ్డూరంగా వినిపిస్తుంది. ఉక్కు తయారీకి టన్నుల కొద్దీ ఆక్సిజన్ తయారుచేసే ఊరిది. 2021 వేసవిలో కరోనా రెండో ఉద్ధృతి దేశాన్ని ఉక్కిరిబిక్కిరి చేసినప్పుడు ఇక్కడి నుంచే ద్రవ ఆక్సిజన్ దూర రాష్ట్రాలకు వెళ్లింది. టాటానగర్ స్టేషన్ నుంచి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ బెంగళూరు దాకా పరుగెత్తింది. పెద్దల ఊపిరికి కష్టమొస్తే రైళ్లు కదిలాయి. పసివాళ్లకు ఆ కష్టం ప్రతి చలికాలం వస్తుంది. దూరపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కావలసింది రైలు కాదు, చిన్నపిల్లల వేలికి సరిపడే పల్స్ ఆక్సీమీటరు, నింపిన సిలిండరు, వాటిని వాడడం తెలిసిన నర్సు.

పొగ సంగతి మరింత చిక్కు. 2019-21 నాటికి జార్ఖండ్‌లో శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్లు 31.9 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 83 శాతం దాటింది. కట్టెలపొయ్యి పక్కన తల్లి ఒడిలో పెరిగే బిడ్డ ఊపిరితిత్తులకు హాని జరుగుతుందనడంలో ఎవరికీ సందేహం లేదు. కానీ పొయ్యి మార్చితే న్యుమోనియా పోతుందా? తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరు, రువాండాల్లో వేలాది ఇళ్లకు గ్యాస్ పొయ్యిలిచ్చి జరిపిన హాపిన్ పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. ఏడాది లోపు పిల్లల్లో తీవ్ర న్యుమోనియా చెప్పుకోదగినంతగా తగ్గలేదు. గ్యాస్ కనెక్షన్ ఇచ్చేసి పిల్లల్ని కాపాడామని పోస్టర్లు వేసుకునేవారికి ఇది మింగుడుపడదు. తల్లుల కళ్ల కోసం, వాళ్ల నడుముల కోసం గ్యాస్ ఇవ్వాల్సిందే. న్యుమోనియాకు మాత్రం అది ఒక్కటే చాలదు.

ఇరవయ్యొక్కేళ్ల ఆలస్యం

చాలా మటుకు పనిచేస్తుందని రుజువైంది టీకా. చిన్నపిల్లలకు పనికొచ్చే న్యుమోకాకల్ టీకాకు అమెరికా 2000లో అనుమతిచ్చింది. అది మన ప్రైవేటు క్లినిక్‌లకు వచ్చినప్పుడు ఒక్కో డోసు ధర వేలల్లో ఉండేది. అంటే టాటా ఉద్యోగి బిడ్డకు అందుబాటులో, ఆ ఇంట్లో పనిచేసే ఆమె బిడ్డకు అందనంత దూరంలో. ప్రభుత్వ కార్యక్రమంలో 2017 మేలో హిమాచల్‌ప్రదేశ్‌తోనూ బీహార్, ఉత్తరప్రదేశ్‌లలోని కొన్ని జిల్లాలతోనూ మొదలైంది. 2020 డిసెంబరులో పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ దేశీయ టీకా న్యుమోసిల్‌ను విడుదల చేశాక బేరం మారింది. ఏటా 50 వేలకు పైగా పిల్లల ప్రాణాలు నిలుస్తాయని 2021 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఆ ఏడాదే దేశమంతటికీ విస్తరించారు. హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ తయారుచేసిన 14 రకాల న్యుమోకాకస్‌లను అడ్డుకునే టీకాకు 2022లో అనుమతి లభించింది. హిబ్ టీకా కలిసిన పెంటావాలెంట్ 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులతో మొదలై అన్ని రాష్ట్రాలకూ చేరడానికి కొన్నేళ్లు పట్టింది.

జార్ఖండ్‌ను తిట్టడం తేలిక. కానీ ఒక్క అంకె ఆ రాష్ట్రానికి దక్కాల్సిన మెప్పు. 2005-06లో అక్కడ అన్ని టీకాలూ పడిన పిల్లలు 34 శాతమే. 2019-21 నాటికి అది 74 శాతానికి చేరింది. భుజాన టీకాల పెట్టె వేసుకుని వాగులు దాటిన ఏఎన్ఎంలు, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేసిన సహియాలు సాధించినది ఇది.

మిగిలిన నాలుగో వంతు ఎక్కడుంది? న్యుమోకాకల్ టీకా ఆరో వారంలో, పద్నాలుగో వారంలో, తొమ్మిది నెలలు నిండాక వేయాలి. ఆ మూడోది బూస్టర్. వానాకాలంలో పుట్టిన బిడ్డకు మొదటి రెండూ ఊళ్లోనే పడొచ్చు. వరి కోతలు అయిపోగానే కొల్హాన్ పల్లెల నుంచి భార్యాభర్తలు చంటిబిడ్డతో సహా ఇటుక బట్టీలకు వలసపోతారు. చలి, బట్టీ పొగ, తడి మట్టి మధ్య తాత్కాలిక గుడిసె. న్యుమోనియాకు అంతకన్నా అనువైన కాలం, చోటు మరొకటి లేవు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండే రోజుకు టీకా కార్డు ఊళ్లో రేకు పెట్టెలో ఉంటుంది. బట్టీ ఉన్న ఊరి ఆశా కార్యకర్త జాబితాలో ఆ బిడ్డ పేరు ఉండదు. సహియా పుస్తకంలో మాత్రం ఆ పేరు ఎదురుగా 'ఊళ్లో లేరు' అని రాసి ఉంటుంది. వానలు మొదలై వాళ్లు తిరిగొచ్చాక ఆమె మళ్లీ ఆ గడప తొక్కుతుంది, బిడ్డ ఉన్నాడా అని అడగడానికి.